ఆకాశానికి అతుకు

కాటా మేస్త్రికి ఆ పేరు త్రాసు పట్టుకున్నందుకు రాలేదు. నలభై ఏళ్ళుగా గోడలకు రంగులేస్తున్నా, ఒక్కనాడూ షేడ్ కార్డు తెరిచి చూసిన పాపాన పోలేదు. తెల్లరంగు బకెట్‌లో చిక్కటి రంగు చుక్కలు నాలుగు వేసి, కర్రతో తిప్పి, కన్ను చికిలించి చూసేవాడు. "ఇదే," అనేవాడు. అదే అయ్యేది. కంటితోనే తూకం వేస్తాడని జనం పెట్టిన పేరది.

అలాంటివాడు ఇప్పుడు చిన్నపిల్లల బడిలో నిచ్చెన పక్కన నిలబడి, ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసుకుంటూ పైకప్పు వంక చూస్తున్నాడు.

ఆ కప్పుమీద ఆకాశం వెయ్యమంది హెడ్మాస్టరమ్మ. కిటికీ వైపు సగం వేశాక మేస్త్రి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నెలరోజులు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చుని, నిన్ననే వచ్చి తలుపు వైపు సగం పూర్తిచేశాడు. రెండుసార్లూ చూసి వేసింది లేదు, ఆయన మనసులో ఉన్న ఆకాశమే కొలత.

ఈ ఉదయం ఆవిడ వచ్చి తలెత్తి చూసింది.

"మేస్త్రీ గారూ, రెండు ఆకాశాలు వేశారేమిటి? అటు సగం సిరా ఒలికినట్టుంది, ఇటు సగం ఉతికి ఆరేసినట్టుంది. సోమవారం పిల్లలొస్తారు. ఏది సరైనదో తేల్చి రెండోది మార్చండి. కష్టమైతే చెప్పండి, ఇంకొకరిని పిలుస్తాను."

ఆ చివరిమాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. తూకం తప్పిన కాటాను ఎవరు వాడతారు?

కుడికంటితో చూస్తే ఆవిడ చెప్పింది నిజమే. గది నడిమధ్య గీత గీసినట్టు అతుకు. ఇంకా ఆపరేషన్ కాని ఎడమకంటితో చూస్తే అతుకే లేదు, అంతా ఒకటే ఆకాశం, కాస్త మసకగా. ఇన్నాళ్ళూ తిండి పెట్టింది ఎడమకన్నులాంటి కళ్ళే. నిన్నగాక మొన్న వచ్చిన కుడికన్ను మాట నమ్మి వాటిని అబద్ధాలకోరులనడం ఎలా?

సాయంత్రం ఇంట్లో చెబితే భార్య నవ్వింది. "రెండు కళ్ళూ వేరు కాపురం పెట్టాయన్నమాట. మరి మీరు ఏ ఇంట్లో ఉంటారు?"

కోడలు హైస్కూల్లో సైన్సు టీచరు. ఆమె నవ్వలేదు. గాజుగ్లాసులో నీళ్ళు పట్టి, రెండు చుక్కలు పాలు వేసి, వంటింటి లైటు ఆపి, సెల్‌ఫోన్ లైటు ఒక పక్కనుంచి పట్టింది.

"పక్కనుంచి చూడండి మామయ్యా."

నీళ్ళలో లేత నీలిఛాయ.

"ఇప్పుడు లైటుకి ఎదురుగా."

పసుపు.

"ఇందులో నీలం ఎప్పుడు కలిపావమ్మా?"

"కలపలేదు. వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. పైన గాలి ఎండలోని నీలాన్నే ఎక్కువగా నలుదిక్కులకీ చిమ్ముతుంది. అందుకే పగలు ఎటు చూసినా నీలమే కంటికొస్తుంది. మీ శుక్లమేమో పసుపు అద్దంలాంటిది, నీలాన్ని సరిగా లోపలికి రానివ్వదు. గుర్తున్న నీలం కనబడాలని మీరు రంగు ఎక్కువ పోసుంటారు."

"అంటే ఆకాశానికి రంగు లేదు."

"రంగు పూత లేదు."

"పూతే లేనిదానికి సరైన పూత ఎక్కడినుంచి తేను తల్లీ?"

కోడలు లైటు వేసి, గ్లాసు వంక చూసి, దాన్ని సింకులో ఒంపేసింది.

మర్నాడు ఆదివారం. రెండు అట్టముక్కల్లో ఒకదానికి ఆ సగం రంగూ, ఇంకోదానికి ఈ సగం రంగూ పూసి, పొద్దున్నే బడి ఆవరణలో నిలబడ్డాడు. ఎడమకన్ను మూసి, అట్టల్ని నడినెత్తిన ఆకాశానికి పట్టాడు. ముదురుదే సరిపోయింది. హమ్మయ్య, పాత కళ్ళే గెలిచాయి అనుకుంటూ చెయ్యి దించుతుంటే, ఎదురింటి డాబామీది ఆకాశం దగ్గర లేతది అతికినట్టు సరిపోయింది. ఒంటికంటితో చూసినా రెండు ఆకాశాలే.

కోడలికి ఫోన్ చేశాడు. "అంచుల్లో వెలుగు ఇంకా ఎక్కువ గాలిని దాటుకుని రావాలి మామయ్యా, అక్కడ తెలుపు కలిసిపోతుంది," అందామె.

"ఉన్న తికమక చాలదన్నట్టు," అని పెట్టేశాడు.

కానీ నిచ్చెన ఎక్కాడు. ఏ సగాన్నీ చెరపలేదు. రెండు బకెట్లూ పక్కపక్కన పెట్టుకుని, ముదురులో లేత కలుపుతూ, జానెడు జానెడుగా తలుపు వైపు సాగదీశాడు. క్యారేజీ పట్టుకుని భార్య వచ్చేసరికి మెడ పట్టేసింది. నలభై ఏళ్ళలో ఎవరినీ అడగనిది అడిగాడు.

"అతుకు కనబడుతోందా?"

"ఏ అతుకు?" అందామె.

తేలిగ్గా ఊపిరి వదిలి రెండు మెట్లు దిగి, టక్కున ఆగాడు. "నీ ఆపరేషన్ ఎప్పుడే?"

"వచ్చే నెల. రెండు కళ్ళకీనట. ఇప్పుడెందుకది?"

"ఏం లేదు. హెడ్మాస్టరమ్మగారిని కూడా ఓసారి రమ్మను."

ఆవిడ వచ్చింది. కిటికీ దగ్గరనుంచి తలుపుదాకా తలెత్తి నడిచి, మళ్ళీ వెనక్కి నడిచింది.

"ఎక్కడ మారిందో తెలియడం లేదు. సరే, ఇలాగే ఉంచండి. ఇంతకీ ఏది సరైనదని తేల్చారు?"

మేస్త్రి కర్రకి అంటిన రంగు గుడ్డతో తుడిచాడు. "అదే నాకూ తెలియలేదమ్మా."