అల్లుడు కడిగిన కాళ్లు

నేను ఒక తొట్టిని. కాళ్లు కడుక్కునే చెక్క తొట్టిని. నవ్వితే నవ్వండి గానీ, మనిషి మొహం దాచుకునే సంగతులన్నీ కాళ్లు చెప్పేస్తాయి. నేను వాటినే వింటూ బతికాను.

దక్షిణ చైనాలో, ఇళ్ల గుమ్మాల ముందు కాలువలు పారే ఒక ఊళ్లో పుట్టాను. నన్ను చేసినాయన గెన్‌షెంగ్ అనే వడ్రంగి. పెళ్లై వెళ్లిపోయే ఒక్కగానొక్క కూతురు సూలాన్‌కి సారెగా చేశాడు. నాలో ఒక్క మేకు లేదు. పలకల్ని గుండ్రంగా పేర్చి, రెండు పాదాల మధ్య అదిమి పట్టి, వెదురు కట్టు బిగించాడు. అంచేత లోకంలో నాకు మొట్టమొదట తెలిసింది ఆయన మడమలే. గరుగ్గా, వెచ్చగా ఉండేవి.

"ఒక్కసారి మీరే కాళ్లు పెట్టి చూడండి నాన్నా" అంది సూలాన్.

"ఛ, కూతురికిచ్చింది పుట్టింటివాళ్లు వాడతారటే!" అని నవ్వేశాడాయన.

అత్తారిల్లు నగరంలో, లిఫ్టెక్కి వెళ్లే ఎత్తులో ఉండేది. సాయంత్రమయ్యేసరికి సూలాన్ నాలో వేణ్ణీళ్లు పోసి, అల్లం ముక్కలు వేసి, అత్తగారు పేఫెన్ కాళ్లు కడిగేది. ఆవిరికి కిటికీ అద్దాలు మసకబారి, బయట ఊరంతా కలలో కనిపించినట్టుండేది. కొడుకు జెహావ్ సోఫాలో కూర్చుని, ఫోనులోంచి తలెత్తకుండా "వేడి సరిపోయిందా అమ్మా?" అనేవాడు. అంతే ఆయనగారి సేవ! ఇరుగుపొరుగు మాత్రం "కొడుకంటే జెహావే, తల్లినెంత బాగా చూసుకుంటాడో!" అని మెచ్చుకునేవారు. చేసేదొకరు, పేరింకొకరికి. ఈ మనుషుల పద్ధతి నాకు ఎప్పుడూ బోధపడలేదు.

అలాగని అతను చెడ్డవాడనుకునేరు. అత్తగారు లేచి వెళ్లాక, మిగిలిన గోరువెచ్చటి నీళ్లలో సూలాన్ తన కాళ్లు పెట్టుకునేది. జెహావ్ ఎదురుగా పీట వేసుకుని తనవీ దూర్చేవాడు.

"కాస్త జరుగు, అంతా నీ కాళ్లే."

"నా పుట్టింటి తొట్టి, నా ఇష్టం!"

నీళ్లు చల్లారిపోయినా లేచేవారు కారు. వాళ్ల కాపురంలో నేను చూసిన సుఖమంతా ఆ కాసిని నీళ్లలోనే ఉండేది.

ఒక చలికాలం గెన్‌షెంగ్‌కి పక్షవాతం వచ్చింది. నాన్నని ఇక్కడికి తెచ్చేసుకుందాం అంది సూలాన్.

"మామగారు అల్లుడి ఇంట్లోనా? నలుగురూ నవ్వుతారు. అక్కడే ఎవరినైనా మనిషిని పెడదాంలే."

"మీ అమ్మకి నేను కూతుర్నయ్యాను. మా నాన్నకి నువ్వేమయ్యావు?" అంది సూలాన్. మర్నాడే పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ వస్తానని అనలేదు.

నన్ను బాల్కనీలో ఎండకి వదిలేశారు. చెక్క తొట్టికి తడి తగులుతూ ఉండాలి, లేకపోతే పలకలు ముడుచుకుపోతాయి. ఆ సంగతి ఆ ఇంట్లో సూలాన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఎండిపోతూ నేను కాలువల్ని కలగన్నాను. పడవ కింద నీటి చప్పుడు, ఆయన సుత్తి చప్పుడు వినిపించేవి.

ఒకనాడు తల్లి కాళ్లు లాగుతున్నాయంటే, జెహావ్ నన్ను తెచ్చి ఆర్భాటంగా వేణ్ణీళ్లు కుమ్మరించాడు. ఇంకేముంది! సందుసందునా కారి, కట్టు జారి, గదంతా చెరువైపోయింది. తుడిచే గుడ్డ ఎక్కడుంటుందో కూడా తెలియక కంగారుగా తిరిగాడు.

పేఫెన్ మొదట పకపకా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే నేనూ మురిసిపోయాన్రా. నా కాళ్ల దగ్గర కూర్చున్న పిల్ల మొహం ఒక్కనాడూ చూడలేదు. వెళ్లు, వాళ్ల నాన్నని తీసుకురా. నవ్వేవాళ్లని నాతో మాట్లాడమను."

జెహావ్ నన్ను మూటగట్టుకుని రైలెక్కాడు. మామగారి ముందు దించి, "ఎలా బాగుచెయ్యాలో చెప్పండి మామయ్యా" అన్నాడు. పెద్దాయన మాట ముద్దగా వచ్చింది. "కాళ్ల... మధ్య... పట్టుకో." జెహావ్ అలాగే పట్టి, వేళ్లు నలగ్గొట్టుకుంటూ కట్టు బిగించి, నన్ను కాలువలో నానబెట్టాడు. నా పలకలు ఉబ్బి మళ్లీ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. సూలాన్ గుమ్మంలో నిలబడి చూసిందే తప్ప పలకరించలేదు.

అప్పుడతను వేణ్ణీళ్లు పోసి, అల్లం వేసి, మామగారి చచ్చుబడిన కాలు రెండు చేతులా ఎత్తాడు. ఆయన గిలగిల్లాడిపోయాడు.

"కూతురికిచ్చిందయ్యా... నేను వాడకూడదు."

"కూతురికే ఇచ్చారు. కడిగేది కొడుకు" అన్నాడు జెహావ్.

ఆ మడమ నన్ను తాకింది. అదే గరుకు. ఎన్నాళ్లకి! చెక్కని కాబట్టి సరిపోయింది, లేకపోతే బావురుమనేదాన్ని. సూలాన్ వచ్చి, నీళ్లలో చెయ్యి పెట్టి చూసి, "వేడెక్కువైంది. చన్నీళ్లు తేనా?" అంది. ఇన్నాళ్లకి మొగుడితో ఆమె ఆడిన మొదటి మాట అది.

ఇప్పుడు మామగారూ నగరంలో మాతోనే. జెహావ్ సాయంత్రాలు ఇద్దరు పెద్దవాళ్ల కాళ్లూ కడుగుతాడు. సూలాన్ సోఫాలో కూర్చుని వేడి సరిపోయిందా అని అడుగుతుంది. ఇరుగుపొరుగు మాత్రం "పాపం, పెళ్లాం ఆడించినట్టల్లా ఆడతాడు" అని జాలిపడుతున్నారు. ఆ తర్వాత మిగిలిన నీళ్లలో మళ్లీ నాలుగు పాదాలు, మళ్లీ "కాస్త జరుగు"లు. కిటికీ మసకబారుతుంది.

నాలోంచి ఒక్క చుక్క కూడా కారడం లేదు.