ఖమ్రున్నీసా అవ్వ తిట్లు

ఖమ్రున్నీసా అవ్వది పుట్టుకతో వచ్చిన దురుసు నోరు. ప్రొద్దుటూరులో ఆ వీధి వీధంతా ఆమె చేతి సంగటి తిన్నదే, ఆమె నోటి తిట్లూ తిన్నదే. ఎవరూ నొచ్చుకున్న పాపాన పోలేదు.

మనవరాలు సాజియా ఆ సంగటి చేయడాన్నే వీడియో తీసి ఫోన్లో పెట్టింది. పట్టుమని పదిమంది చూడలేదు. ఒకరోజు మేక వచ్చి రాగిపిండిలో మూతి పెడితే, అవ్వ దాని ఏడు తరాలనూ కడిగేసింది. పిల్ల అదీ పెట్టింది. ఇంకేముంది, లక్షల మంది ఎగబడ్డారు. కృష్ణా జిల్లా నుంచి ఎవరో ‘మా ఆయన్ని పేరు పెట్టి తిట్టవ్వా’ అని రాశారు. ఇంకొకరు ‘నన్ను తిట్టు’ అన్నారు.

“సంగటి ఎవురూ చూడ్డం ల్యా నానీ. తిడితేనే చూస్తాండారు,” అంది సాజియా అవ్వతో.

అవ్వకూ సరదా వేసింది, అబద్ధమెందుకు! అడిగినవాళ్లనల్లా తిట్టింది. ఏ తిట్టుకు జనం నవ్వితే ఆ తిట్టే మళ్లీ తిట్టింది. చూసేవాళ్లు సంగటిని వదిలేసి అవ్వనే కలియబెడుతున్నారని ఆ ఇంట్లో ఎవరికి తట్టింది? భర్త ఫకీర్ సాహెబ్ ఒక్కడే గొణిగాడు: “నిన్ను జూసి జనం నవ్వుతాండారే.”

“నవ్వితే నవ్వనీ, ఏడిపిస్తాండానా?”

చుట్టాలింట్లో పెళ్లికని ఇద్దరూ జమ్మలమడుగు బస్సెక్కారు. ఎక్కగానే కుర్రాళ్లు గుర్తుపట్టి ఫోన్లు తీశారు. ఊరు దాటాక ఫకీర్ సాహెబ్ రొమ్ము పట్టుకుని పక్కకు ఒరిగాడు. ఒళ్లంతా చెమటలు.

“బస్సు ఆపు డ్రైవరప్పా, మనిషి పోతాండాడు,” అని అవ్వ అరిచింది.

బస్సంతా నవ్వింది. ఆమెకు ఒళ్లు మండింది. భయంతో నోరు అదుపు తప్పింది. “మీ కండ్లు పోను, ఏంది ఇకిలిస్తాండారు? మీ నాయనకిట్లయితే నవ్వుతారా?”

నవ్వులు రెట్టింపయ్యాయి. వెనక సీట్లో ఎవరో ఈల వేశారు. డ్రైవరూ అద్దంలో చూసి నవ్వి, గేరు మార్చాడు.

అవ్వ చేతులు జోడించింది. “నాయనా, మీ కాళ్లు పట్టుకుంటా. నిజంగానే పోతాండాడప్పా.” బుద్ధెరిగాక ఆమె ఎవరినీ అట్లా బతిమాలలేదు.

“తాత శానా బాగా చేస్తాండాడు,” అన్నాడు ముందు సీటు కుర్రాడు, ఫోను ఇంకా దగ్గరికి జరుపుతూ.

టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు ముసలాయన చెయ్యి పట్టుకుని చూశాడు. అప్పుడు ఆగింది బస్సు. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. ఆ చెయ్యి అప్పటికే చల్లబడింది.

సాయంత్రం శవాన్ని ఇంటికి తెచ్చారు. అవ్వ దానిమీద పడి ఏడ్చింది. “నన్ను ఇడిసి యాడికి పోయినావు, నీ మొగం మండ, చెప్పకుండా పోయేదేనా,” అని పోయిన మనిషిని తిడుతూ ఏడ్చింది. ఆమెకు తెలిసిన ఏడుపు అదే.

గుమ్మం దగ్గర ఎవరిదో పిల్ల కిసుక్కున నవ్వింది. తల్లి గబుక్కున దాని నోరు మూసింది కానీ అవ్వ వినేసింది. ఏడుపు గొంతులోనే ఆగిపోయింది.

“ఏడువమ్మా, బరువు దిగుతాది,” అని ఆడవాళ్లు వీపు నిమిరారు. జనాజా లేచేదాకా ఆమె మళ్లీ నోరు విప్పలేదు. మొగుడి మొహం కూడా చూడకుండా, చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో ఏముందోనని చూస్తూ కూర్చుంది.