పదిహేను మంది బరువు

ఆ చప్పుడు మొదలై వారమైంది. వ్యాను కుడివైపు తిరిగినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర గర్‌ర్‌మని, రాయి మీద రాయి నూరినట్టు వినిపిస్తోంది. వారం రోజులుగా మల్‌సున్‌కి కంటి మీద కునుకు లేదు. తైక్వాండో బడి పిల్లల్ని, మొత్తం పదిహేను మందిని, ఆ పసుపు వ్యానులో ఎక్కించుకుని జలాశయం పక్కన కొండ వంపు రోజూ తిరిగేది ఆమే. వంపు రాగానే "నోళ్లు ముయ్యండర్రా, విననివ్వండి!" అని అరిచేది. పిల్లలు ఒక్క నిమిషం గప్‌చుప్. చప్పుడు వినిపించేది.

మెకానిక్ తక్ రెండుసార్లు నడిపి చూశాడు. ఖాళీ బండి నోరెత్తితే ఒట్టు.

"అక్కా, ఆ చప్పుడు బండిలో లేదు. నీ చెవుల్లో ఉంది," అనేశాడు.

బడి నడిపే ప్యో మాస్టారు ఇంకాస్త ముందుకు పోయాడు. "మూడింటికి పిల్లలు గేటు దగ్గరుంటారు డ్రైవరమ్మా. నీకు భయమైతే చెప్పు, వేరేవాణ్ణి పిలుస్తా."

ఆ మహానుభావుడి లెక్కలో భయం చేతకానివాళ్ల జబ్బు. వేరేవాడు వస్తే రేడియో పెట్టుకుంటాడు, వాడికి ఏ చప్పుడూ వినపడదు. పిల్లలతో సహా ఆ వంపులోకి పోతాడు. మల్‌సున్‌ని కాల్చుకు తింటున్నది అదే.

పన్నెండున్నరకి ఇంటికొచ్చింది గానీ అన్నం సహించలేదు. కూర్చోలేదు, నిలబడలేదు. అపార్టుమెంటు వాకిట్లో ఆడవాళ్లంతా చలికాలానికి కిమ్చీ, అదే క్యాబేజీ ఊరగాయ, పెట్టే పనిలో ఉన్నారు. లారీ దింపిపోయిన క్యాబేజీలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. వాటి చుట్టూ రెండుసార్లు తిరిగాక ఆమెకి తట్టింది. ఖాళీ బండి పలకదు. పిల్లలుంటేనే పలుకుతుంది.

"వదినా, ఒక్కోటి ఎంత తూగుతుంది?"

"మూడు కిలోలు. ఏం?" అంది ఉప్పునీళ్ల తొట్టి ముందు కూర్చున్న ఓక్‌బున్.

"నూట యాభై ఇస్తావా? గంటలో తెచ్చేస్తా."

"మతిగానీ పోయిందా? ఉప్పులో వెయ్యాల్సినవే అవి!"

తిడుతూనే అందరూ తలో చెయ్యి వేశారు. ఆ వాకిట్లో తిట్టకుండా సాయం చేసినవాళ్లు ఇంతవరకూ లేరు. వ్యానులో సీటుకి పది చొప్పున సర్దారు. మల్‌సున్ ఒక్కో సీటుకీ బెల్టు కూడా బిగించింది.

"పేర్లు కూడా పెట్టు!" అంది ఓక్‌బున్. ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

మల్‌సున్ నేరుగా తక్ షెడ్డుకి పోయి, అన్నం ముందు నుంచి లేపి లాక్కొచ్చింది.

"క్యాబేజీలా! అక్కా, ఊళ్లో నా పరువు..."

"నోర్మూసుకుని కూర్చో. చెవులు మాత్రం తెరువు."

షెడ్డు పక్క ఖాళీ స్థలంలో, కొండ వంపులో పోయే వేగంతోనే, కుడివైపు తిప్పింది.

గర్‌ర్.

తక్ ముఖంలో నవ్వు మాయమైంది. "ఇంకోసారి," అన్నాడు. తిప్పింది. ఈసారి అతను వంగి, కాళ్ల కింది రేకు మీద అరచెయ్యి ఆనించాడు. "ఆపు. ఇంకొక్క గజం నడపొద్దు."

బరువు దించకుండానే జాకీ పెట్టి ఎడమ ముందు చక్రం లేపాడు. రెండు చేతులతో పట్టి ఊపితే పాలపన్నులా కదిలింది. విప్పి చూస్తే లోపల బేరింగు నుజ్జునుజ్జు. నల్లటి గ్రీజుతో పాటు ఇనుప పెంకులు అతని చేతిలోకి రాలాయి.

"ఖాళీగా ఉంటే ఓర్చుకుంది. బరువు పడితే..." తక్ ఆ పెంకుల్ని ఆమెకి చూపించాడు. "తప్పైపోయిందక్కా. ఇవాళో రేపో ఆ వంపులో చక్రం ఊడిపోయేది."

మూడవుతుండగా ప్యో మాస్టారు ఫోన్ చేశాడు. మల్‌సున్ ఫోను తక్ చేతికిచ్చింది.

"మాస్టారూ, ముందు మీరొచ్చి ఈ చక్రం చూడండి. తర్వాత ఎవర్ని పిలుచుకుంటారో పిలుచుకోండి."

"పిల్లల్ని ఇవాళ ఇళ్లకి పంపేస్తా," అన్నాడు మాస్టారు.

గంట దాటిపోయిందని ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని షెడ్డుకే వచ్చేశారు. తన మాటే నిజమైనందుకు మల్‌సున్‌కి సంతోషంగా ఉండాలి. లేదు. మొదటి సీటు బెల్టు విప్పబోయి ఆగింది.

"ఇది దోయోన్ సీటు," అంది. "ఆ రెండూ కవలలవి. ఇక్కడ సేబోమ్ కూర్చుంటుంది. నోరు ముయ్యమన్నానని నిన్న ఏడ్చింది."

ఓక్‌బున్ నవ్వలేదు. బుట్ట కింద పెట్టేసి, సేబోమ్ సీటులోని క్యాబేజీల్ని ఒక్కొక్కటే రెండు చేతులతో ఎత్తుకుని మెల్లగా దించింది.