ఎవరో కోసిన రిబ్బన్

"ఎవ్వరూ కదలొద్దు! చలివేంద్రం దిక్కు ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు!"

మైత్రి కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు శివకుమార్ మైకులో అరుస్తున్నాడు. టైము పది ఇరవై. సూర్యాపేటలో ఎండ అప్పటికే నలభై రెండు డిగ్రీలు దాటింది. మెయిన్ రోడ్డు పక్కన, కాలనీ కమాను పక్కనే కొత్త తాటాకు పందిరి. పందిరి కింద ఆరు ఎర్రటి మట్టి రంజన్లు, వాటి నిండా చల్లటి నీళ్లు. పందిరి ముందు గుంజలకు అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బన్ మాత్రం రెండు ముక్కలై చెరోవైపు వేలాడుతోంది.

ఎవరో కోసేశారు.

ముఖ్య అతిథి రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది.

అప్పుడే ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు చెమట తుడుచుకుంటూ దిగి, రంజన్ల వైపు నడిచాడు. శివకుమార్ మైకు వదలకుండానే అడ్డం పడ్డాడు.

"ఆగన్నా. ఇంకా ప్రారంభం కాలే."

"రిబ్బన్ కోసిండ్రు గద?"

"కోసిండ్రు. కానీ ఎవరు కోసిండ్రో తెల్వదు. తెలిసేదాక ప్రారంభమైనట్టు గాదు."

"మరి కానట్టా?"

"కానట్టు గూడ గాదు."

ఆటో డ్రైవరు ఆరు రంజన్లనూ, వాటి చుట్టూ నాలుకలు పిడచగట్టుకుని నిలబడ్డ అరవై మందినీ ఓసారి చూశాడు. "మంచిగుండ్రి" అని దండం పెట్టి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

అరవై మంది మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన తలదించుకుని నిలబడ్డ మనిషి పేరు రుక్కమ్మ. ఊరు పెన్‌పహాడ్. ముప్పై ఏళ్లు గొర్రెల వెనక తిరిగి మోకాళ్లు అరగ్గొట్టుకుంది. ఇక నడిచే పని చెయ్యొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. చలివేంద్రంలో నీళ్లు పోసే పని దొరికింది. రెండు నెలలు, నీడలో, కుర్చీలో. జీవితంలో ఆమెకు దొరికిన మొట్టమొదటి కూర్చునే పని అది. ఇంకా అందులో కూర్చోనే లేదు.

"పొద్దుగాల ఇక్కడ నువ్వొక్కదానివే ఉన్నవ్" అన్నాడు శివకుమార్. "నీ సంచిల కత్తెర గూడ ఉన్నది. ఇగ ఏం చెప్తవ్?"

"గది గొర్ల బొచ్చు కత్తిరించే కత్తెర సారూ. నా కొడుక్కు ఇయ్యనీకె తెచ్చిన."

"కత్తెర కత్తెరే గద!"

సంఘం కార్యదర్శి మాధవి ముందుకొచ్చింది. ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్. రుక్కమ్మను ఈ పనికి తెచ్చింది ఆమే.

"శివన్నా, జర సల్లబడు. పెద్దమ్మా, ఏమైందో నువ్వు చెప్పు."

"ఏమున్నది బిడ్డా? ఎనిమిదిన్నరకు రంజన్లు నింపిన. ముంగట ఇసుక మీద నీళ్లు సల్లిన. ఏపమండలు తెద్దామని లోపలి గల్లీలకు పోయిన. తొమ్మిదింటికి వచ్చి సూస్తే గిట్లున్నది."

"సాక్షులున్నరా?" అన్నాడు శివకుమార్.

"ఏపచెట్టు ఉన్నది సారూ."

శివకుమార్‌కు కాలనీలో ఎరువుల దుకాణం ఉంది. దాంతోపాటు ఫోనులో నేరపరిశోధన సీరియళ్లు చూసే అలవాటూ ఉంది. "సరే. పదకొండింటి లోపల అసలు దొంగ దొరికితే నువ్వు బతికిపోయినట్టు. దొరకకపోతే సంచి సర్దుకో. పెన్‌పహాడ్ బస్సు పదకొండున్నరకు" అని ప్రకటించి దర్యాప్తు మొదలుపెట్టాడు.

కాలనీ కమ్యూనిటీ హాల్లో వేసవి శిబిరం నడుస్తోంది. అందులో ఉన్న బలగాలన్నీ రంగంలోకి దిగాయి. కరాటే పిల్లలు తెల్ల బెల్టులు విప్పి ఒకదానికొకటి ముడేసి, పోలీసులు టేపు కట్టినట్టు పందిరి ముందున్న ఇసుక చుట్టూ కట్టేశారు. ప్యాంట్లు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కాపలా కాశారు. అబాకస్ పిల్లలు ఇసుక తొక్కకుండా పక్కనుంచి రిబ్బన్ ముక్కలు కొలిచారు. రెండూ సరిగ్గా మూడడుగుల రెండంగుళాలు.

"సగానికి సగం!" మాధవి ఆశ్చర్యపోయింది. "ఇది తెలిసినోళ్ల చెయ్యి, శివన్నా. ఒక్క నొక్కుకు తెగింది. గొర్ల కత్తెరతోని కోస్తే పీచులు లేస్తయ్."

పళ్లెంలో పెట్టిన సంఘం కత్తెర ఇంకా ప్యాకెట్లోనే ఉంది. అంటే ఆయుధం బయటి నుంచి వచ్చింది.

తర్వాత డ్రాయింగ్ క్లాసు. తొమ్మిది గంటల ప్రాంతంలో పిల్లలంతా ఆ దారిలోనే శిబిరానికి వచ్చారు. "పొద్దున పందిరి దగ్గర ఎవర్ని చూసిండ్రో గియ్యండి" అని డ్రాయింగ్ టీచర్ నీలా కాగితాలు పంచింది. పదే పది నిమిషాలు. పన్నెండు బొమ్మలు వచ్చాయి. పన్నెండింటిలోనూ రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు.

"ఇదేంది మేడమ్?" శివకుమార్ పన్నెండు కాగితాలూ తిరగేశాడు.

"నెలరోజుల కోర్సు సార్. మనుషులు మూడో వారంల వస్తరు."

పది నలభై. శివకుమార్ ఆఖరి ఎత్తు వేశాడు. మాధవి చెవిలో "దొంగను పట్టనీకె పోవద్దు, దొంగే రావాలె" అని గొణిగి మైకు అందుకున్నాడు.

"కాలనీవాసులకు విన్నపం. రిబ్బన్ కోసిన వారిమీద కోపం లేదు. కోసినవారే ప్రారంభకులు. పందిరి పక్కన పెట్టే నల్లరాతి శిలాఫలకం మీద వారి పేరే చెక్కిస్తం. దయచేసి ముందుకు రాగలరు."

మైకు ఇంకా దించనే లేదు.

పదకొండు చేతులు లేచాయి.

"నేనే కోసిన" అన్నాడు కరాటే మాస్టర్. "చేత్తోనే కోసిన."

"అబద్ధం! నేను కోసిన" అంది అబాకస్ మేడమ్. "సగానికి సగం లెక్కపెట్టి కోసిన గద, కొలిచిండ్రు మీరే!"

"మా ఆయన కోసిండు" అంది మూడో గల్లీ అరుంధతి. మా ఆయన అంటే ఆ సమయంలో మిర్యాలగూడలో డ్యూటీలో ఉన్న బస్సు కండక్టర్. "ఫోన్ చేసి చెప్పిండు."

శివకుమార్ మైకు దించి, తలపట్టుకున్నాడు. ఇంతసేపూ దొంగ లేడని బాధ. ఇప్పుడు పదకొండు మంది. అంతలో కరాటే మాస్టర్‌కూ అబాకస్ మేడమ్‌కూ మాట పెరిగింది. ఆయన ఇటుక తెమ్మన్నాడు, పగలగొట్టి చూపిస్తానని.

ఈ గోలలో రుక్కమ్మ ఒక్కతే నేల వైపు చూస్తోంది. బెల్టుల అవతల, తను పొద్దున తడిపిన ఇసుక వైపు.

"మాధవమ్మా, గిటు రా. అడుగు జాడలు సూసినవా?"

"ఏం జాడలు పెద్దమ్మా?"

"మందల గొర్రె తప్పిపోతే గిట్లనే ఎతుకుతం. ఏది కుంటుతదో, ఏది సూడిదో అడుగు సూసి చెప్తం. మనిషి సులువు. రెండే కాళ్లు." రుక్కమ్మ మోకాలు పట్టుకుని నెమ్మదిగా వంగింది. "మొగమనిషి. కాళ్లకు బూట్లు. రోడ్డు దిక్కు నుంచి వచ్చిండు, తాపీగ. అంటే కార్ల దిగిండు. ఎండల నడిచొచ్చినోడు గింత తాపీగ నడవడు. ఎడమ కాలు బయటికి పెడ్తడు. రిబ్బన్ కాడ ఆగిండు. కోసిండు. గిప్పుడు సూడు, రెండు కాళ్లు రోడ్డు దిక్కు తిరిగినయ్. గిట్ల పక్కకు నిలబడ్డడు."

"ఎందుకు?"

"ఫోటోకు."

"ఎవరు తీసిండ్రు ఫోటో?"

"ఎవ్వలు తియ్యలే. ఇంకో అడుగే లేదు ఈడ. ఒక్కడే నిలబడ్డడు, ఒక్కడే నవ్వుకున్నడు, ఎళ్లిపోయిండు. రంజన్ల కాడికి పోనే పోలే. నీళ్లు తాగనీకె వచ్చినోడు గాదు బిడ్డా."

మాధవికి వెన్నులో జలదరించింది. నలభై రెండు డిగ్రీల ఎండలో అది మామూలు విషయం కాదు. వెంటనే పదకొండు మందినీ వరసగా ఇసుక చివర నాలుగడుగులు నడిపించారు. రుక్కమ్మ ఒక్కొక్కరి కాలే చూసి తల అడ్డంగా ఊపింది. కరాటే మాస్టర్ మునివేళ్ల మీద నడుస్తాడు. అబాకస్ మేడమ్ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. అరుంధతి ఫోనులో వాళ్లాయన్ను వీడియోలో నడిపించి చూపించింది. అదీ కాదు.

పది యాభై ఎనిమిది.

తెల్ల కారు వచ్చి ఆగింది. డప్పులు మోగాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని, దాత, మూడు పట్టణాల్లో ఏ చలివేంద్రం తెరిచినా ముఖ్య అతిథి అయిన పెద్దమనిషి దిగాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతికి గడియారం. వెనకే డ్రైవర్ పర్వతాలు, రెండు చేతుల్లో మఖమల్ డబ్బా పట్టుకుని. డబ్బాలో పసిడి రంగు కత్తెర.

"సార్, చిన్న పరేషాన్ అయింది..." శివకుమార్ మొదలుపెట్టాడు.

"తర్వాత చెబుదురుగాని అండీ. ముహూర్తం దాటకూడదు. నాకు ఎవరి కత్తెరా వద్దు, నాది నాకుంది."

ముఖ్య అతిథి కంటికి ఎదురుగా ఇసుక ముందు ఏదో తెల్లగా అడ్డంగా కట్టి కనబడింది. చెయ్యి చాపాడు. కత్తెర చేతిలోకి వచ్చింది. చకచకా నాలుగడుగులు వేసి, కోశాడు.

"కొంచెం మందంగా ఉందే రిబ్బన్" అంటూ రెండోసారి నొక్కాడు. కరాటే బెల్టు రెండు ముక్కలైంది. ఒక పిల్లవాడు "మా బెల్టు!" అని ఏడ్చి, రెండు చేతులతో ప్యాంటు పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ అందరూ చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి ఇసుకలోకి అడుగుపెట్టి, రోడ్డు వైపు తిరిగి, పక్కగా నిలబడి చిరునవ్వు నవ్వాడు.

ఫోటోగ్రాఫర్ ఇంకా బ్యాగు జిప్పు తీస్తూనే ఉన్నాడు. నవ్వు అలాగే నిలిచి ఉంది.

రుక్కమ్మ ఆ బూట్ల వైపు చూసింది. ఎడమ కాలు బయటికి తిరిగి ఉంది. పక్కనే పొద్దున్నటి జాడ. దానికీ దీనికీ మధ్య ఒక జానెడు. అచ్చు కవల గొర్రెపిల్లల్లా ఉన్నాయి రెండూ.

అప్పుడు ముఖ్య అతిథి కళ్లు పందిరి గుంజల మీద పడ్డాయి. వేలాడుతున్న ఎర్ర ముక్కలు రెండూ కనిపించాయి. నవ్వు ఆగిపోయింది.

"ఏమిటండీ ఇది? ఎవరో ముందే కోసేశారా?"

"గదే సార్ చెప్దామనుకున్న..."

"తొమ్మిది వందల రిబ్బన్లు కోసినవాణ్ని! ఒకరు కోసింది ఇంతవరకూ ముట్టలేదు. నాకే ఈ అవమానమా?" ఆయన మొహం ఎర్రబడింది. "ఈ రోజే సూర్యాపేటలో రెండు, కోదాడలో మూడు చేసుకుని వస్తున్నాను. ఎక్కడా ఇలా జరగలేదు."

మాధవి లెక్కల టీచర్ కదా, అంకె వినగానే చెవులు నిక్కబొడుచుకున్నాయి. "సూర్యాపేటల పొద్దుగాల ఒక్కటే కద సార్? బస్టాండు కాడిది. రెండోది ఎక్కడ?"

"ఉందమ్మా. కోదాడ వెళ్తూ దారిలో ఒకటి చేశాం. జనం ఇంకా రాలేదు, ముహూర్తం తప్పుతుందని నేనే దిగి కానిచ్చేశాను. అదెక్కడ పర్వతాలూ?"

పర్వతాలు కారు అద్దం తుడుస్తున్నాడు. ఆ అద్దం మీద దుమ్ము లేదు.

"యాదికి లేదు సార్" అన్నాడు, ఇంకా గట్టిగా తుడుస్తూ.

"సరే, అది వదిలెయ్యండి. నాకు ఆ దొంగ పేరు కావాలి. ఇప్పుడే, మైకులో, నలుగురి ముందు! అంతవరకూ ఈ చలివేంద్రం తెరవడానికి వీల్లేదు."

శివకుమార్ గడియారం చూశాడు. పదకొండున్నర బస్సు గుర్తొచ్చింది. చెయ్యి రుక్కమ్మ వైపు లేపబోయాడు. మాధవి ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"సార్, కోసినోళ్లు ఎవరో మా రుక్కమ్మకు ఎరుక. జాడ పట్టింది. కానీ చెప్తే పని పోతదని భయపడుతున్నది."

ముఖ్య అతిథి పెద్దరికంగా తలపంకించాడు. "పని ఎందుకు పోతుందమ్మా? నా మాట. ఆ పేరు చెబితే ఈ ఎండాకాలం కాదు, నేను బతికున్నన్ని ఎండాకాలాలు ఆ కుర్చీ నీదే. అందరూ విన్నారు కదా? ఎంత పెద్దవాడైనా సరే, వెనకాడకు. పూర్తి పేరు, ఊరు పేరుతో సహా చెప్పు."

మైకు రుక్కమ్మ చేతికి వచ్చింది. డప్పులవాళ్లు డప్పులు దించారు. కారు దగ్గర పర్వతాలు తుడవడం ఆపి, డ్రైవర్ సీట్లోకి జారి, తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

రుక్కమ్మ ముందు కుర్చీ వైపు చూసింది. వెళ్లి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి, నిదానంగా అందులో కూర్చుంది. అప్పుడు మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"కోసినాయన ఈడనే ఉన్నడు. జాడ కలిసింది. కానీ నాకు పేరు తెల్వదు సారూ, గదొక్కటే చిక్కు." మైకు ఆయన వైపు చాపింది. "మీ పేరేంది? ఊరుతోని సహా చెప్పుండ్రి జర."

మైకు ఎదురుగా వస్తే ఆగే అలవాటు ఆయనకు లేదు. గొంతు సవరించుకున్నాడు. రోడ్డు వైపు తిరిగి, పక్కగా నిలబడి, స్పీకర్లు అదిరేలా చెప్పాడు.

"మిర్యాలగూడ సీతారామయ్య!"

రుక్కమ్మ మైకు వెనక్కి తీసుకుంది.

"ఇన్నరు గద? గాయనే."