కింది డెక్కు కావాలన్న కుసుమ

పదిమందిని అడగకుండా బుచ్చిబాబు జన్మలో ఏదీ కొనలేదు. మిక్సీ కొనడానికి అశోక్‌నగర్‌లో సగం ఇళ్ల తలుపులు తట్టాడు. కళ్లజోడు మార్చాల్సి వస్తే చిక్కడపల్లి నుంచి సుల్తాన్ బజార్ దాకా ఉన్న స్నేహితులందరి ముక్కుల మీదా ఫ్రేములు పరీక్షించి వచ్చాడు. ఏజీ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ప్రతి ఫైలు మీదా తలా ఒక అభిప్రాయం రాయించుకోవడం అలవాటు. రిటైరయ్యాక ఫైళ్లు పోయాయి గాని, ఆ పిచ్చి మాత్రం పోలేదు. అలాంటివాడు ఓడ టికెట్టు కొనాల్సి వస్తే ఇక చెప్పేదేముంది?

ఓడ ఎక్కాలన్న కోరిక అతనిది కాదు, అతని భార్య కుసుమది. ఆవిడ నారాయణగూడలో ఒక బడిలో ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి మొన్న వేసవిలో రిటైరైంది. వీడ్కోలు సభ నుంచి వచ్చి, కప్పిన శాలువా మడతపెట్టి, కాఫీ తాగుతూ, "ఏవండీ, ఒక్కసారి ఓడెక్కాలండీ. ఏ వైపు చూసినా ఒడ్డు కనబడనంత దూరం పోయి రావాలి," అంది. ఆవిడ నోరు తెరిచి నాకిది కావాలని అడిగిన సందర్భం ఇంకొకటి అతనికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తిరుపతి, అన్నవరం, చుట్టాల పెళ్లిళ్లు, అంతకు మించి ఇద్దరూ కలిసి తిరిగిందీ లేదు. ఈ కోరిక తీర్చి తీరాలని బుచ్చిబాబు అప్పుడే నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకున్నాడు కనుక మర్నాడు పొద్దున్నే అభిప్రాయాలు సేకరించడానికి బయల్దేరాడు.

ఇందిరా పార్కులో రోజూ అతనితో పాటు నడిచే చెన్నయ్య విషయం సగం వినకుండానే తేల్చేశాడు. "నాలుగు దినాలు నీళ్లు చూసుడేందన్నా? ట్యాంక్‌బండ్ మీద కూసుంటే ఒక్క పల్లీల పొట్లంతోని అయిపాయె."

పై ఫ్లాటు మనోరమ అలా తోసిపుచ్చలేదు. తాతల నాటి నుంచీ హైదరాబాదులోనే ఉన్న కుటుంబం వాళ్లది. చెల్లెలి వాళ్లతో సింగపూర్ నుంచి ఓడలో తిరిగొచ్చిన అనుభవం కూడా ఉంది. ఇక ఆవిణ్ణి ఆపేదెవరు?

"నా మాట ఇను అన్నా. ఓడ బయల్దేరే ఊరికి ఒక దినం ముందే చేరుకోవాలె. ఇది రైలు గాదు, పోతే ఎనకనే ఇంకోటి రాదు. మన పెట్టెలు ఎక్కేటప్పుడే తీస్కుంటరు, రూముకు అచ్చేసరికి పొద్దుగూకుతది. అందుకే మందులు, ఒక జత బట్టలు చేతి సంచిల పెట్టుకోవాలె. ఇగ రూమంటవా, పైన బాల్కనీదే తీస్కో. కిటికీ లేని రూముల పొద్దో మాపో ఎర్కనే కాదు, పరేషాన్ అయితవ్."

"మరి తిండి సంగతో? మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం," అన్నాడు బుచ్చిబాబు.

"దానికి ఫికర్ జెయ్యకు. పప్పుంటది, అన్నముంటది, ఉల్లిగడ్డ ఎయ్యొద్దంటే ఎయ్యరు. మొదటి దినమే చెప్పి పెట్టాలె, గంతే. తినుడు కష్టం గాదు, ఆపుడు కష్టం."

ఇవన్నీ బుద్ధిగా విని, బుచ్చిబాబు ఇంటికొచ్చి కుసుమకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఓపిగ్గా వింది. విన్నాక తను కొన్ని ప్రశ్నలు వేసింది. అవి విని అతనికి మతిపోయింది.

"పై గది నాకొద్దండీ. బయట నిలబడి చూసే డెక్కుల్లో అన్నిటికన్నా కిందది ఏదో కనుక్కోండి. అక్కడికి పొద్దున్నే పోనిస్తారా? దారిలో ఏదైనా దీవి ఉంటే, దాని దగ్గరికి వెలుతురులో చేరుతుందా?"

"కిందెందుకోయ్? పైనుంచైతే ఇంకా దూరం కనబడుతుంది కదా?"

"అదే. దూరం కనబడకూడదు," అంటూ ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయింది. ఎందుకని వెంటపడితే, "చూసొచ్చాక చెప్తాను లెండి," అని నవ్వేసింది.

దూరం కనబడకూడదట. అంత ఖర్చు పెట్టుకుని సముద్రం మధ్యకు పోయి దూరం కనబడకూడదనే మనిషిని ఎక్కడైనా చూశామా? బుచ్చిబాబుకు ఆ మాట పంటిలో ఇరుక్కున్న పీచులా తయారైంది. ఇప్పుడతను ఓడ సంగతి వదిలేసి, కింది డెక్కు సంగతి అడగడం మొదలుపెట్టాడు.

వాళ్ల పురోహితుడు ప్రహ్లాద్ శర్మ గారు చిక్కడపల్లి గుడి దగ్గర కనిపిస్తే ఆయన్నీ వదల్లేదు. "కళ్లు తిరుగుతాయని భయమేమోనండీ. కింద, అందులోనూ నడిమి భాగంలో ఊపు తక్కువంటారు," అన్నారాయన. మాట సబబుగానే ఉంది గాని, శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చుని పుస్తకం చదువుకునే మనిషి కుసుమ. ఆవిడకు కళ్లు తిరగడమేమిటి? మనోరమ ఇంకో మాటంది. "కింద అయితే పైసలు తక్కువైతయని అనుంటది. ఆడోళ్లం గట్లనే ఉంటం." అది విన్నాక మాత్రం బుచ్చిబాబు మనసు చివుక్కుమంది.

ఆ మనసుతోనే నారాయణగూడలో ఉదయ్ కుమార్ నడిపే ట్రావెల్ ఆఫీసుకు వెళ్లాడు. నలభై దాటిన మనిషి, కలుపుగోలుగా మాట్లాడతాడు. పేర్లూ వయసులూ చెబుతూ బుచ్చిబాబు, "మా ఆవిడకు పై గదులు వద్దట. అన్నిటికన్నా కింది డెక్కు నుంచే చూడాలట, ఓడ వెలుతురులో ఏదైనా దీవికి చేరాలట. ఎందుకో ఏమిటో," అన్నాడు.

ఉదయ్ కుమార్ టైపు చేస్తున్న చేతులు ఆగిపోయాయి. "కుసుమ అంటే... ఈడ మా బళ్లె సోషల్ చెప్పిన కుసుమ టీచరా సార్?"

అవునన్నాడు బుచ్చిబాబు. ఉదయ్ కుమార్ కీబోర్డు పక్కకు నెట్టాడు. తర్వాత ఒక కాగితం లాక్కుని దాని మీద వంపుగా ఒక గీత గీశాడు. గీతకు ఇవతల చిన్న మనిషి, అవతల ఒక ఓడ.

"భూమి గుండ్రంగ ఉంటదని చెప్పుకుంట బోర్డు మీద గిట్లనే గీసేది సార్. దూరంకెల్లి ఓడ అస్తుంటే ముందుగాల జెండా కొస కనబడ్తది, తర్వాత తెరచాప, ఆఖరికి ఓడ. అడుగు భాగాన్ని నీళ్ల వంపు దాస్తదన్నట్టు. నేను లేచి అడిగిన, మీరు చూసిన్రా టీచర్ అని. క్లాసంత నవ్విన్రు, టీచర్ నవ్వలే. 'చూడలేదురా, పుస్తకంలో ఉంది కాబట్టి చెప్తున్నాను. చూసిన రోజున నీకు చెప్తాను,' అన్నది."

"మరి కింది డెక్కు?"

"ఎత్తు మీద నిలబడితే వంపు అవతలిది గూడ కనబడ్తది గద సార్. కింద ఉంటేనే వంపు మంచిగ దాస్తది. ఆమె అన్నీ ఆలోచించే అడిగింది."

బుచ్చిబాబు ఆ కాగితం కేసి చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆవిడ పొద్దున్నే బడికి పోయి ఆ ఓడను గీసి, చెరిపేసి, సాయంత్రం ఇంటికొచ్చి కూరలు తరిగింది. ఇవాళ ఏం పాఠం చెప్పావని తను ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు. ఊళ్లోవాళ్లందర్నీ అడగడానికి మాత్రం తనకు తీరిక ఉండేది. అతనికి సిగ్గేసింది, ఆవిడ మీద ఎక్కడ లేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"ఏ ఓడైతే బాగుంటుందో నువ్వే చెప్పు నాయనా," అన్నాడు.

"ముంబై నుంచి లక్షద్వీప్ పోయేది తీస్కోండి సార్. ఆటలు, పాటలు, తిండి అన్ని ఓడలల్ల ఉంటయ్. ఆమెకు కావాల్సింది దీవి. ఆ దీవిల కొండ లేదు, గుట్ట లేదు, ఉత్త కొబ్బరి చెట్లే. ఓడ పొద్దుగాల చేరుతది. నవంబర్ ఆఖర్ల ఒక్కదాంట్లనే రూము మిగిలింది. మల్ల ఈ సీజన్‌ల దొరకది."

బుచ్చిబాబు అక్కడికక్కడే టికెట్టు తీసుకున్నాడు. మనోరమను అడగలేదు, చెన్నయ్యను అడగలేదు, ఆవిడకు ఆశ్చర్యంగా ఉండాలని కుసుమకు ఫోనూ చేయలేదు. జీవితంలో మొదటిసారి పదిమందిని అడగకుండా ఒక వస్తువు కొన్నానన్న ఉత్సాహంలో మెట్రో స్టేషన్ దాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చి ఆటో ఎక్కాడు.

టికెట్టు చూడగానే కుసుమ మొహం వెలిగిపోయింది. తారీఖులు చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత లేచి వంటింటి గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, తిథులున్న చోట వేలు పెట్టి నిలబడింది.

"ఓడ దీవికి చేరే రోజు మార్గశిర శుద్ధ దశమి అండీ," అంది. "అత్తయ్య తద్దినం."

"అమ్మది డిసెంబరులో కదా? పోయినేడు రెండో వారంలో పెట్టాం."

"పోయినేడు అప్పుడొచ్చింది. ఈ ఏడు నవంబరులోకి జరిగింది."

ఏటా తిథి చూసేది ఆవిడే, శర్మ గారికి కబురు చేసేదీ ఆవిడే. అతనికి ఇంగ్లీషు తారీఖే గుర్తుంటుంది. ఇన్ని వీధులు తిరిగి, మందులు చేతి సంచిలో పెట్టుకోవాలని కూడా కనుక్కొచ్చినవాడికి పంచాంగం చూడాలని తోచలేదు. చూసే మనిషికేమో చెప్పకుండా దాచాడు.

"పోన్లెండి, వచ్చే ఏడు చూద్దాం," అని కుసుమ టికెట్టును క్యాలెండరు వెనక దోపింది. గొంతులో ఏ మార్పూ లేదు. ఆ ఇంట్లో 'వచ్చే ఏడు' అనుకున్నవేవీ వచ్చే ఏడు జరగలేదని బుచ్చిబాబుకు తెలుసు. అతనికి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు మళ్లీ బయల్దేరాడు. శర్మ గారు, "కర్త మీరు, మీరుండాలి. మీ ఆవిడ ఊళ్లో లేరని కార్యం ఆగదు. మడివంటకు మనిషిని నేను పంపిస్తాను," అన్నారు. ఉదయ్ కుమార్ రెండో టికెట్టు మీద పేరు మార్చొచ్చన్నాడు. మనోరమ ఒక్క క్షణం ఆలోచించలేదు. "వదినతోని నేను పోతనన్నా. కిటికీ లేకున్నా సరే."

కుసుమ మాత్రం ససేమిరా అంది. "అత్తయ్య తద్దినం నాడు నేను ఓడ మీద షికారు చేస్తుంటే నలుగురూ ఏమనుకుంటారండీ?"

"ఆ నలుగురి చుట్టూ తిరిగే వచ్చాను. ఇంక ఎవర్నీ అడిగేది లేదు," అన్నాడు బుచ్చిబాబు. "అమ్మకు నేనున్నాను. నువ్వు వెళ్లు. టికెట్టిచ్చింది నీ దగ్గర చదివిన ఉదయే. వాడికి మాటిచ్చావట కదా, చూసిన రోజున చెప్తానని."

కుసుమ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "వాడికింకా గుర్తుందా?" అంది. ఆ తర్వాత చెంగుతో కళ్లు ఒత్తుకుని, ఓడలో చలేస్తుందేమో శాలువా పెట్టుకోనా అని అడిగింది.

తద్దినం నాడు పొద్దుటి నుంచీ బుచ్చిబాబు మనసు మనసులో లేదు. మబ్బు పట్టిందేమో, మంచు కమ్మిందేమో, నిద్ర లేవలేదేమో. శర్మ గారు మంత్రం చెబుతుండగా ముందు గదిలో ఫోను మోగింది. మడిలో ఉన్నాడు, ముట్టుకోవడానికి లేదు. మోగి ఆగిపోయి, మళ్లీ మోగింది. "ముందిది కానివ్వండి," అన్నారు శర్మ గారు, చెవి మాత్రం ఆయనా అటే వేసి. భోక్తలు తిని లేచి, తను తిని చెయ్యి కడుక్కున్నాక గాని ఫోను అందుకోవడం కుదరలేదు. తిరిగి చేస్తే సిగ్నల్ లేదు. వాట్సాప్‌లో గొంతు మెసేజీ ఒకటి ఉంది. అది విన్నాడు. మళ్లీ విన్నాడు. చొక్కా తొడుక్కుని, శర్మ గారు కాసేపు పడుకోమన్నా వినకుండా నారాయణగూడకు ఆటో ఎక్కాడు.

ఉదయ్ కుమార్ ముందు ఎవరో భార్యాభర్తలు కూర్చుని ఓడల ఫొటోలు చూస్తున్నారు. బుచ్చిబాబు ఆయాసపడుతూ వెళ్లి ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు. వెనకాల గాలి హోరు, దాని మీద కుసుమ గొంతు.

"ఏవండీ, చూశానండీ. తెల్లవారుతుండగా కింది డెక్కు మీద నిలబడ్డాను. చాలాసేపు నీళ్లే. తర్వాత నీళ్ల మీద పచ్చగా ఏదో గీత. దగ్గరికొస్తే కొబ్బరి తలలండీ. మొదళ్లు లేవు, నేల లేదు, ఉత్త తలలే నీళ్లలో నిలబడ్డాయి. చూస్తుండగానే మొదళ్లొచ్చాయి, అన్నిటికన్నా ఆఖర్న తెల్లగా ఇసక వచ్చింది. నేను చెప్పింది నిజమేనండీ, ఇన్నేళ్లూ పిల్లలకు చెప్పింది నిజమే. ఉదయ్‌కి వినిపించండి. అర్థమైందా అని అడగండి."

ఉదయ్ కుమార్ ఎప్పుడు లేచాడో ఏమో, కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ అతన్ని వింతగా చూస్తున్నారు.

"అర్థమైంది టీచర్," అన్నాడు ఫోనుతో.