ఉలవల మూట

ఐరాల దగ్గర వాన పడి రెండేళ్లయింది. ఎద్దులను అమ్మేసిన గురప్ప ఇంట్లో వాటి కోసం దాచిన ఉలవల మూట మాత్రం మిగిలింది. పొద్దున గుగ్గిళ్లు, రాత్రికి ఉలవచారు. అదే తిండి. కడుపు ఉబ్బి, గురప్ప దగ్గర భరించలేని కంపు కొట్టేది. అవే ఉలవలు తిన్న ఎద్దులను చూసి ఏనాడూ ఎవరూ ముక్కు మూసుకోలేదు. కరువు పనిలో మాత్రం అతని పక్కన నిలబడి మట్టిగంప అందుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. మేస్త్రీ రావద్దన్నాడు.

భార్య వరదమ్మ అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"ఇదంతా ఉలవల వల్లే. అవి మానేసి మజ్జిగన్నం తిను," అన్నాడు డాక్టరు.

"మజ్జిగ యాడుండాది సారూ? ఎద్దులకన్నా ముందే ఆవును అమ్మేసినాం," అన్నాడు గురప్ప.

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు.

నెల తరువాత వాళ్లిద్దరూ దారిలో డాక్టరుకు ఎదురుపడ్డారు. గురప్ప దగ్గరగా నిలబడినా కంపు రాలేదు.

"మాత్రలు బాగా పనిచేసినట్టున్నాయే," అన్నాడు డాక్టరు.

"మాత్రలు కొనలేదు సారూ," అంది వరదమ్మ. "ఉలవలు అయిపోయినాయి."