బయటివాళ్ల ముందు పెద్దమ్మ

పెద్దమ్మకు అని నోటిదాకా వచ్చి ఆగింది, ఎవరికక్కా పానం మంచిగలేంది అని కారు నడుపుతూ అర్షద్ అడిగితే, కరీంనగర్ మనిషి, దారంతా మాట కావాలి అతనికి, దమ్మాం ఎయిర్‌పోర్టు ఇంకా దూరం, వెనక జుబైల్ చమురు ప్లాంటు మంట పట్టపగటి ఎండలోనూ ఎర్రగా ఊగుతోంది, ఊరెళ్లి రావడానికి సౌదీ వాళ్లిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చింది, నా నోటి దూలకు రాకుండా పోవాల్సింది, నిన్న మా ఆసుపత్రి ల్యాబులో పెద్ద మేడం కిర్‌స్టెన్ ముందు నిలబడి ఆంటీకి సీరియస్ అన్నానే, ఆంటీకి ఎవడిస్తాడు సెలవు, తల్లికైతే ఇస్తారు, తెలిసీ ఆంటీ అన్నాను, రాయచోటి బడి నాటి అలవాటు, నాయన కాలేషాకు ఇద్దరు పెళ్లాలు, పెద్దామె జైనాబీకి కడుపు పండలేదని చిన్నామెను తెచ్చుకున్నాడు, చిన్నామె నన్ను కని పెద్దామె ఒళ్లో పెట్టింది, ఇంట్లో జైనాబీ అమ్మ, కన్నామె చిన్నమ్మ, వాకిలి దాటితే మాత్రం జైనాబీ పెద్దమ్మ, లేకుంటే బడిలో ఇద్దరమ్మల పిల్ల అని నవ్వుతారు, పెద్దమ్మ అనుకో మే, నాకేం తక్కువైతాది అని నా జడ అల్లుతూ తనే నేర్పింది, అమ్మ అనే పిలుపును తన చేత్తో తనే తీసి పక్కన పెట్టుకుంది.

పెద్దయ్యాక నాయనతో ఎన్ని కొట్లాటలు, ఊళ్లో ఎవడు రెండో పెళ్లికి తయారైనా వాడి వాకిట్లో నిలబడి అరిచినదాన్ని, నీ కోరికకు దేవుణ్ణి సాక్షిగా పిలవొద్దురా అని, ఆ మాటలో ఈరోజుకీ వెంట్రుకవాసి తగ్గను, కిర్‌స్టెన్ కూడా తన నాన్న దగ్గర తగ్గలేదట, నిన్న నా మాట విని ముందు ఆంటీ అంటే అమ్మకు అక్కా చెల్లెలా అని అడిగింది, నాయన మొదటి భార్య అన్నాను తల దించుకుని, ఆమె గోడకేసి చూసింది, అక్కడ తను గీసుకుంటున్న వంశవృక్షం, డెన్మార్కులో ఓడెక్కి అమెరికా పడమటి ఎడారిలో దిగిన ముత్తవ్వతో మొదలు, మోర్మన్లనే క్రైస్తవ శాఖ వాళ్ల చర్చి బహుభార్యాత్వం వదిలేస్తే మేం వదలం అని చీలిపోయిన గుంపులో ఆమె తాత, ఆయన కింద నాన్న, ఆ ఒక్క పేరు పక్కన నాలుగు ఆడపేర్లు, బయటివాళ్లొస్తే కన్నతల్లిని తప్ప మిగతా ముగ్గురినీ ఆంటీ అనమని మాకూ నేర్పారు అంది, వయసొచ్చాక పారిపోయాను, నాన్నను ఇప్పటికీ క్షమించలేదు, కానీ జ్వరమొస్తే నా పక్కన కూర్చున్నది ఒక ఆంటీయే, ఆమె పోయినప్పుడు వెళ్లలేదు, ఆంటీ కదా అని సెలవే అడగలేదు, నువ్వు తల్లి అని రాయి, అబద్ధం కాదు, నేను సంతకం పెడతాను అంది, ఆమె చేతులు పట్టుకున్నాను, ఎక్కడి డెన్మార్కు, ఎక్కడి రాయచోటి, ఆ చేతులు అచ్చం జడ అల్లే చేతుల్లాగే ఉన్నాయి.

పొద్దున చిన్నమ్మ ఫోను, జబీ, బిన్నా రా మే, మీయమ్మ వాకిలికేసే చూస్తాంది అని, కన్నది తను, అయినా మీయమ్మ అంటుంది, ఎన్నేళ్లుగానో అట్లే అంటోంది, నాకే వినపడలేదు, నా పోరు నాయనతో కదా, ఆ పోరు మధ్యలో జైనాబీ పేరునెందుకు దాచాను, వాకిళ్లలో నిలబడి అరిచిన ఈ గొంతుకు ముద్దలు కలిపి పెట్టింది ఎవరు, చూస్తూనే ఉండమ్మా, వస్తున్నా, అర్షద్ అద్దంలోంచి చూసి మళ్లీ అడిగాడు, ఎవరికక్కా, అమ్మకు అన్నాను, మా అమ్మకు.